నెల్లూరు నుంచి గుండ్లకమ్మ దాకా: ఒక జ్ఞాపకార్థ ప్రయాణం

శుక్రవారం, నెల్లూరు

సింహపురి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే నెల్లూరులో దించేసింది. రాత్రంతా అమ్మ నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు. అమ్మమ్మ పోయి ఏడాదయింది. సాయంత్రం పిన్ని ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. అది కాగానే ఒంగోలు వెళ్లి, మద్దిపాడు దగ్గర మామయ్య ఊళ్లో ఉన్న అమ్మమ్మ సమాధికి రాయి పురమాయించాలి. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తారు, ఆలోపు రాయి నిలబెట్టకపోతే ఊళ్లో మాట పడాలని అమ్మ టెన్షన్. నాకు మాత్రం ఇంకో కోరిక ఉంది. అమ్మమ్మ ప్రార్థనల్లో వినబడే చోట్లు దారి పొడుగునా ఉన్నాయి. అవన్నీ ఒకసారి కళ్లారా చూడాలి.

అమ్మమ్మ ప్రార్థన అంటే చిన్నప్పుడు మా పిల్లలందరికీ భయం. కంచం ముందు కళ్లు మూసుకుంటే ఆవిడ ఎప్పుడు ఆమేన్ అంటుందో ఎవరికీ తెలీదు. అన్నానికి స్తోత్రం చెప్పి ఆపేది కాదు. వండిన చేతులకు, పండించిన చేతులకు, బావిలో నీళ్లకు చెప్పి, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లిపోయేది. "నర్సు అయ్యను బట్టి, జూలియమ్మను బట్టి, రూతమ్మను బట్టి, పేరయ్య తాతను బట్టి నీకు స్తోత్రం తండ్రీ" అని వరసపెట్టేది. పులుసు చల్లారిపోయేది. చాలా ఏళ్లు వాళ్లంతా మా చుట్టాలే అనుకున్నాను. ఎప్పుడూ ఇంటికి రారేంటి ఈ రూతమ్మ అని అమ్మను అడిగానట కూడా.

మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాక పిన్ని అటక మీద నుంచి ఒక గుడ్డసంచి దింపింది. అందులో చుట్టచుట్టి రబ్బరు బ్యాండ్లు వేసిన గోడ క్యాలెండర్లు. అన్నీ చర్చి క్యాలెండర్లు కావు, బట్టల కొట్టువీ, ఎరువుల కొట్టువీ కూడా ఉన్నాయి. ప్రతి తేదీ గడిలో పెన్సిలు రాత. "పాలు విరగలేదు. స్తో." "కాలు వాపు తగ్గింది. స్తో." "చిన్నదానికి ఉద్యోగం. స్తో." "కరెంటు బిల్లు కట్టాను. స్తో." స్తోత్రం అని పూర్తిగా రాయడానికి గడిలో చోటు చాలదు మరి. తాతయ్య పోయిన నెల వెతికి తీశాను. ఆ తేదీ ఖాళీ. మర్నాడు ఖాళీ. ఆ వారమంతా పెన్సిలు ముట్టుకున్న గుర్తే లేదు. తర్వాతి వారంలో ఒక గడిలో మాత్రం చిన్నగా ఉంది: "అందరూ భోంచేసి వెళ్లారు. స్తో."

ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని థెస్సలొనీకయులకు పౌలు రాసిన మాట మన కూడికల్లో వినపడని వారం ఉండదు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి కూడా ఆ మాట చెప్పి వచ్చే మహానుభావులు ఉన్నారు. నాకది ఎప్పుడూ మింగుడుపడదు. కీర్తనల గ్రంథంలో సగానికి దగ్గరగా ఏడుపులూ మొరలే కదా. అమ్మమ్మ ఆ వారం దేవుడికి అబద్ధం చెప్పలేదు. చెప్పడానికి ఏమైనా దొరికిన రోజున, దొరికినంత మేరకు చెప్పింది.

సాయంత్రం హాల్లో సోఫాలు బయటపెట్టి తివాచీలు పరిచారు. పాస్టరు అయ్యగారు పరలోకం గురించి బాగానే చెప్పారు, కాస్త ఎక్కువసేపే చెప్పారు. జనం కదిలింది మాత్రం అమ్మమ్మ గురించి ఒక్కొక్కరూ లేచి చెప్పిన సాక్ష్యాలప్పుడే. పక్కింటి ముస్లిం ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, "మీ అమ్మ దర్గాకి రాలేదు, రొట్టె పట్టలేదు. నేను తెచ్చిన రొట్టె మాత్రం ప్రతి ఏడూ ఒక ముక్క అడిగి తినేది. నీ కోరిక తీరిందిగా, ఆ సంతోషం తినాలి అనేది" అంది. అమ్మ అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆపుకోలేకపోయింది.

నెల్లూరు బయటివాళ్ల కోసం ఒక మాట. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి ఆ రొట్టె అందుకుంటారు. తీరినవాళ్లు తర్వాతి ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ వస్తారు, క్రైస్తవులూ వస్తారు. బాగుపడ్డ పదిమంది కుష్ఠురోగుల్లో తిరిగొచ్చింది ఒక్కడే, వాడూ సమరయుడే అని లూకా రాసిన కథ మీద వినని ప్రసంగం లేదు. నెల్లూరులో ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం దర్గా వైపు ఒకసారి చూస్తే బాగుంటుంది అనిపించింది.

శనివారం, నెల్లూరు నుంచి ఒంగోలు

ఎండ ఎక్కక ముందే పెన్న ఒడ్డుకు వెళ్లాం. ఒక పక్క రంగనాయకుల గుడి గోపురం, ఇంకో పక్క బట్టలు ఆరేసుకున్న రాళ్లు. ఎక్కడ అని ఎవరూ చూపించలేరు గానీ, ఈ ఏట్లోనే 1840లో మా మిషన్ మొదటి బాప్తిస్మం, అంటే నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం, జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో మన దేశానికి వచ్చాడు. విశాఖపట్నం, మద్రాసు వైపు ఉండి చూసి, చివరికి నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా గట్టిగా పేర్లు చెప్పుకోగలిగినంత మందే చేరారు. అటు బర్మాలో కరెన్ జనం వేలల్లో చేరుతుంటే, ఇక్కడ డబ్బు ఎందుకు తగలేయాలి అని అమెరికాలో అడిగారు. అడగరా మరి!

1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో నెల్లూరును వదిలేద్దామా అన్న చర్చ నడిచింది. మిషన్ల పటంలో ఈ వైపున నెల్లూరు ఒక్కటే చుక్కలా ఉంటే, ఎవరో ఒంటరి నక్షత్రం అన్నారు. అమెరికా వాళ్ల దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రే ఆ నక్షత్రం మీద ఒక పద్యం రాశాడు. మర్నాడు అది చదివి వినిపించాక వదిలేయాలన్న మాట పోయింది. లోన్ స్టార్ అన్న పేరు అలా నిలిచింది. ఇప్పటికీ మన వైపు చర్చీల మీద ఆ పేరు కనబడుతుంది.

డే తర్వాత నెల్లూరును పట్టుకుని వేలాడినవాడు లైమన్ జూయెట్. ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లినప్పుడు మళ్లీ అదే మాట వచ్చింది, మూసేద్దాం అని. ఎవరొచ్చినా రాకపోయినా నేను వెళ్తాను, అక్కడే పోతాను అన్నాడు. సరే, అయితే నిన్ను పూడ్చడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అని మిషన్ కార్యదర్శి అన్నాడని చెబుతారు. ఆ పూడ్చడానికి వచ్చినవాడే జాన్ క్లౌ, 1865లో. ఎవరినీ పూడ్చలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడల్లా అమ్మమ్మ తనే ముందు నవ్వేసేది.

పది గంటలకు బస్సు ఎక్కాం. కావలి దాటాక ఎడమ పక్కంతా పొగాకు చేలు, అక్కడక్కడా ఆకు ఆరబెట్టే బేరన్లు. టంగుటూరు దగ్గర కిటికీ తీస్తే బేరన్ల ఘాటు వాసన మొహాన కొట్టింది. మా అమ్మకు అది పుట్టింటి వాసన.

ఒంగోలులో బావ కారు తెచ్చాడు. నేరుగా ఊరికి పోకుండా కొత్తపట్నం రోడ్డు ఎక్కించాను. సముద్రానికి అనుకుని బావ ఉషారుగా వచ్చాడు. బకింగ్‌హాం కాలవ దగ్గర ఆపమన్నాను.

"ఇక్కడేముంది మరదలా చూడ్డానికి?"

నిజమే, చూడ్డానికి ఏమీ లేదు. కదలని నీళ్లు, గుర్రపుడెక్క, అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో నురగ కక్కుతూ తిరిగే చక్రాలు. ఒకప్పుడు ఈ కాలవ మీద పెదగంజాం నుంచి మద్రాసు దాకా పడవలు నడిచేవి. 1876 నుంచి 1878 దాకా పడ్డ పెద్ద కరువులో, కరువు పని కింద ఈ వైపు భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు పెట్టాలంటే కాలవ పొడుగు చాలదు.

క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసిన మనిషి. కొలతలు తెలుసు, మట్టి లెక్క తెలుసు. కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీల తిట్లూ దెబ్బలూ తింటున్న జనం ఇక్కడ కూలి సరిగ్గా దొరుకుతుందని వచ్చారు. బోధకులే పని మీద పెద్దలు. సాయంత్రం పారలు కింద పెట్టాక వాళ్లతోనే కూర్చునేవాళ్లు. అయినా కలరా వచ్చింది, జనం దారుల్లోనే రాలిపోయారు. ఈ కాలవను తలుచుకున్నప్పుడు ముందుగా గుర్తు రావాల్సింది ఆ చావులే. మన వార్షికోత్సవ సభల్లో కరువు గురించి ఒక వాక్యం, ఆ తర్వాత బాప్తిస్మం తీసుకున్నవాళ్ల సంఖ్య గురించి గంట మాట్లాడతారు. కడుపు నిండాక చెప్పుకునే కథలా వినబడుతుంది అది.

అమ్మ గట్టు మీద నిలబడి కళ్లు మూసుకుంది. ఏం ప్రార్థించావు అని అడిగితే, "ఏం లేదే, మా అమ్మ చెప్పే చోట్లలో ఇది ఎప్పుడూ లేదు, ఎందుకు వదిలేసిందా అనుకున్నా" అంది. కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. బావే ఆగలేక, సముద్రం ఇక మూడు నిమిషాలే అన్నాడు.

ఆదివారం, ఒంగోలు, తర్వాత మామయ్య ఊరు

తెల్లవారుజామున ప్రార్థన కొండ ఎక్కాం. కొండ అంటే పెద్దదేం కాదు, ఊరు మధ్యలో లేచిన రాళ్ల దిబ్బ. ఊపిరి అందకుండా ఎక్కింది అమ్మ ఒక్కతే, అదీ మధ్యలో మాట్లాడకుండా ఉండలేక.

1854 జనవరి 1న ఇంకా చీకటి ఉండగానే ఐదుగురు ఈ కొండ ఎక్కారు. జూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగాయన, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వరసగా ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. మధ్యలో యెషయా గ్రంథం 52వ అధ్యాయం చదివారు, కొండల మీద సువార్త తెచ్చేవాని పాదాల గురించి. కిందకి దిగి నెల్లూరు వెళ్లిపోయారు. పన్నెండేళ్లు ఏమీ జరగలేదు. 1866లో క్లౌ వచ్చి కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ ఉదయం జూయెట్ గారి ఉదయం. అమ్మమ్మ ప్రార్థనలో మాత్రం జూయెట్ దొర పేరు చివర వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. ముందు నర్సు, జూలియా, రూతు. అప్పట్లో నాకు అర్థం కాలేదు గానీ ఆ వరస ఆవిడ కావాలనే పెట్టుకుంది. అమెరికా నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీద చర్చీలు, స్కూళ్లు, ఆసుపత్రులు ఉన్నాయి. వాళ్లను మర్చిపోవడం కుదరదు. చీకట్లో వాళ్లతోపాటు రాళ్లు తొక్కుకుంటూ ఎక్కిన ఇద్దరు తెలుగు ఆడవాళ్ల పేర్లు మనం నోటితో పలకకపోతే ఇంకెవరు పలుకుతారు?

పేరయ్య తాత సంగతి ఇంకా పెద్దది. ఎర్రగుంట్ల పేరయ్యది ఒంగోలుకు పడమటి పక్క తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ దగ్గర మొదటిసారి ఈ మాట విన్నాడు. 1866లో జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన ఒక్కడి వెనక మాదిగపల్లెలు కదిలాయి, మాదీ ఆ పల్లెల్లో ఒకటే. అప్పటిదాకా క్లౌ పై కులాల వాళ్ల కోసం ఎదురు చూస్తున్నాడు. పల్లెవాళ్లను చేర్చుకుంటే మేం రాం అని వాళ్లు చెప్పేశారు. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట: మొదటి కొరింథీ, ఒకటో అధ్యాయం. లోకంలో నీచులైనవారినీ తృణీకరింపబడినవారినీ దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. అమ్మ ఈ కథ చెబుతూ, "చూడు, ఆయనకు వాక్యం చూపిస్తే గానీ తెలియలేదు, మనవాళ్లకు ముందే తెలుసు" అంది.

పల్లెలో కృతజ్ఞత అంటే అప్పటిదాకా ఒకటే రకం. చద్దన్నం పెట్టిన ఆసామికి దూరంగా నిలబడి దణ్ణం పెట్టడం. పెట్టకపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అనిపించుకోవడం. ఆ జనం మొదటిసారి నిటారుగా నిలబడి, ఎవరి గడపలో కాకుండా, స్తోత్రం అన్నారు. తర్వాత మళ్లీ క్లౌను క్లౌ దొర అనే పిలిచారు, అదీ నిజమే. అలవాట్లు ఒక్క తరంలో పోవు.

తొమ్మిదిన్నరకు మామయ్య ఊరి చర్చికి చేరాం. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమకాలం మొదలవకముందే కోతల పండుగ చేసేయాలని సంఘం తొందర. గుమ్మానికి అరటి బోదెలు, మామిడి తోరణాలు. బల్ల ముందు వడ్లు, శనగలు, కందులు, ఎండుమిరప, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. కోళ్లు ప్రసంగం మధ్యలో అరిస్తే అయ్యగారు ఆగి, "వాటి స్తుతి అవి చేస్తున్నాయి" అన్నారు. పొగాకు మాత్రం ఎవరూ గుడిలోకి తేలేదు. వేలం కేంద్రంలో అమ్మి డబ్బు కవర్లో పెట్టారు. ఆకు పనికిరానిదైతే దాని రూపాయలు ఎలా పనికొస్తాయో నేను అడగలేదు, మామయ్యదీ పొగాకే.

కవర్లు చదివారు. మనవడి పుట్టినరోజు సందర్భంగా ఐదు వందలు, బోరు పడినందుకు వెయ్యి, ఆపరేషన్ బాగా జరిగినందుకు రెండు వేల నూట పదహార్లు. అంకెలు మైకులో చదవడం నాకు నచ్చదు. వంద వేసినవాళ్లు తల దించుకుంటారు. బోరు పడినందుకు అన్నప్పుడు మాత్రం గుడంతా ఒక్కసారి హల్లెలూయా అంది. ఆ బోరు కోసం వీళ్లందరూ ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నారో నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల ఉంది. ఎండుద్రాక్ష నానబెట్టి, మరగబెట్టి తీసిన రసం, చిన్న చిన్న గ్లాసుల్లో. నా పక్కన ఒక ముసలావిడ. ఆవిడ వేళ్లు పొగాకు ఆకు గుచ్చీ గుచ్చీ నల్లబడిపోయాయి, ఎంత తోమినా ఆ జిగురు నలుపు పోదు. ఆ వేళ్లతోనే రొట్టె ముక్కను అరచేతిలో పెట్టుకుని, అది జారిపోతుందేమో అన్నట్టు రెండో చెయ్యి మీద మూసింది. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అని అయ్యగారు చదువుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతున్నాయి. వాక్యం చెబుతోందనుకున్నాను. చెవి పెట్టి వింటే పేర్లు. మొగుడి పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, ఇంకా ఎవరెవరివో. పోయినవాళ్లవీ ఉన్నవాళ్లవీ కలిపి.

గుడి అయ్యాక ఆవరణలో వేలం పాట. మా వైపు కోతల పండుగలో అసలు సందడి ఇదే. కానుకగా వచ్చిన సరుకంతా అక్కడికక్కడే పాడతారు, డబ్బు సంఘానికి. బజార్లో ముప్పై రూపాయలు పలకని సొరకాయను నాలుగు వందలకు తీసుకెళ్లి, ఆ ముసలావిడకే ఇచ్చేశాడు ఒక కుర్రాడు. పొగాకు బోర్డు వేలంలో ధర రాక ఏడ్చే రైతులే ఇక్కడ పోటీ పడి ధర పెంచుతారు. మామయ్య ఒక కోడి పాడాడు. అత్తయ్య ముఖం మాడ్చుకుంది, ఇంట్లో పన్నెండు ఉన్నాయట.

సోమవారం, వెల్లంపల్లి, చీమకుర్తి

గుండ్లకమ్మ ఒడ్డు. పైన మల్లవరం దగ్గర ఆనకట్ట ఉంది కాబట్టి ఇక్కడ ఏట్లో ఇసుకే ఎక్కువ, మధ్యలో పిల్లకాలవంత నీళ్లు. గేదెలు. హైవే మీద లారీల రొద.

1878 జులై 3న ఈ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందు రోజు 614, తర్వాతి రోజు 700. మూడు రోజుల్లో 3,536. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ వేళ ఆపి, మళ్లీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసిపోతే ఇంకో ఇద్దరు. క్లౌ గట్టు మీద ఏర్పాట్లు చూశాడు. ఆ ఏడాది ఆఖరుకు లెక్క 9,606.

గంజి కోసం మతం మారారు అన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ మా ముఖం మీదే అంటారు. కరువు నడిచిన ఏడాది పైచిలుకు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, సరిగ్గా ఆ మాటకు భయపడే. కరువు పని అయిపోయింది, ఇక డబ్బూ లేదు, తిండీ లేదు, ఇళ్లకు వెళ్లండి అని చెప్పాక వచ్చిన జనం వీళ్లు. అయినా నాకు ఈ వాదనలో గెలవాలని పెద్దగా లేదు. ఆకలి వేసినప్పుడు ఎవడు మనిషిలా చూశాడో గుర్తు పెట్టుకుని వాడి దేవుణ్ణి తెలుసుకోవాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

మావాళ్లు ఆ 2,222 మందిలో ఉన్నారని అమ్మమ్మ గట్టిగా చెప్పేది. ప్రకాశం జిల్లాలో ఆ మాట చెప్పని బాప్టిస్టు ఇల్లు నాకు తగల్లేదు. అందరూ చెప్పేది నిజమైతే గుండ్లకమ్మ పొంగి పొర్లాలి. "మూడో తేదీ కాకపోతే నాలుగో తేదీ అయ్యుంటుందిలే, లేకపోతే ఆ పైనెల" అని అమ్మ రాజీకి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో దిగి, చీలమండల దాకా వచ్చే నీళ్లలో నిలబడింది. మా ముత్తవ్వ పేరు ఏంటమ్మా, అప్పుడు నీళ్లలో దిగినావిడ పేరు అని అడిగాను. అమ్మకు తెలీదు. మామయ్యకు ఫోన్ చేస్తే ఆయనకూ తెలీదు. అమ్మమ్మకు తెలుసేమో, అడగలేదు మేమెవ్వరం.

అమ్మ ఆ నీళ్లలోనే ప్రార్థన చేసింది. పేరు తెలియని అవ్వను బట్టి స్తోత్రం అని.

మధ్యాహ్నానికి చీమకుర్తి. కర్నూలు రోడ్డు పొడుగునా గ్రానైటు దుమ్ము, అడ్డంగా పడుకున్న ఏనుగులంత రాళ్లు. నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రకం ఇక్కడిదే, ప్రపంచమంతా ఇక్కణ్ణుంచే పోతుంది. ఎగుమతికి పనికిరాని చిన్న చెక్కలు సమాధి రాళ్లవుతాయి. షాపు ఆయన అక్షరానికి ఇంత అని లెక్క చెప్పాడు. గుణింతానికీ ఒత్తుకూ వేరే పైసలు లేవని అభయమిచ్చాడు.

పేచీ పేరు దగ్గర వచ్చింది. అమ్మమ్మకు రేషన్ కార్డులో ఒక పేరు, సంఘం రిజిస్టర్లో ఒక పేరు. మా వైపు ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది కదా. గవర్నమెంటు పేరే వేద్దాం, రేపు పిల్లలకు ఏ సర్టిఫికెట్ గొడవా ఉండకూడదు అన్నాడు మామయ్య. రాయి చూడ్డానికి ఎమ్మార్వో వస్తాడా అన్నయ్యా అంది అమ్మ. గట్టిగానే అనుకున్నారు. షాపు ఆయన ఇవన్నీ రోజూ వినేవాడిలా టీ తెప్పించాడు.

ఆఖరికి రెండు పేర్లూ, రెండు వరసల్లో, సంఘం పేరు పైన. దాని కింద "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను". బైబిల్లో సమూయేలు రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టినప్పుడు అన్న మాట. అమ్మ కాగితం మీద గుండ్రంగా రాసింది, నేను ఫోటో తీసి పిన్నికి వాట్సాప్‌లో పెట్టాను. టీ తాగేలోపు జవాబు వచ్చింది.

"నాన్న పేరు కూడా వేయించండి అక్కా, పక్కనే ఉన్నాడుగా, ఆయనకు రాయే లేదు. ఎక్కువైన డబ్బు నేను పంపిస్తా."

అయితే ఈ సైజు చాలదండీ అన్నాడు షాపు ఆయన, టేపు తీసుకుని లేస్తూ. మామయ్య వాచీ చూసుకున్నాడు. అమ్మ ఇంకో కాగితం అడిగింది.